లాభం కాగితం మీదే ఉంటే: చిన్న వ్యాపారాలు ఎందుకు మూతపడతాయి?

[తెరపై: షట్టరు దించి ఉన్న చిన్న వర్క్‌షాపు]

నమస్కారం. ఒక చిన్న వ్యాపారం మూతపడగానే గిరాకీ లేదనో, యజమానికి వ్యాపారం తెలియదనో చుట్టుపక్కలవారు అంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ చేతినిండా ఆర్డర్లు ఉండి, పని నాణ్యంగా చేసి, ప్రతి బిల్లు మీదా లాభం చూసుకుంటూనే చితికిపోయే వ్యాపారం కూడా ఉంటుంది. ఈ వీడియోలో దాని గురించే మాట్లాడదలిచాను, ఎందుకంటే ఆ నష్టాన్ని ముందుగా పసిగట్టడం సాధ్యమని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్ బాలానగర్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఇనుప భాగాలు చెక్కే ఒక లేత్ వర్క్‌షాపు ఉందనుకుందాం. నెలకు లక్ష రూపాయల ఆర్డరు, దానిపై 18 శాతం జీఎస్టీ.

[తెరపై: లెక్క ఒక్కో వరుసగా కనిపించాలి]

ఇనుముకు 60,000, ఆ కొనుగోలుపై జీఎస్టీ 10,800, కూలీలకు 20,000, అద్దె, కరెంటు వగైరాలకు 8,000. బిల్లులో వేసిన 18,000 జీఎస్టీలోంచి ముందు కట్టినది పోగా మిగిలిన 7,200 రూపాయలను, నెలవారీ రిటర్ను వేసేవారు మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. కొనుగోలుదారు డబ్బు ఇచ్చాడా లేదా అన్నదానితో ఆ గడువుకు సంబంధం లేదు. అంటే చేతి నుంచి వెళ్లినది మొత్తం 1,06,000. జీఎస్టీతో కలిపి బిల్లు 1,18,000 కాబట్టి లాభం 12,000.

ఇప్పుడు ఆ కొనుగోలుదారు నాలుగు నెలలకు గాని డబ్బు ఇవ్వడు అనుకోండి. నెలనెలా అదే ఆర్డరు చేస్తూ పోతే, మొదటి బిల్లు సొమ్ము వచ్చేసరికి సుమారు 4,24,000 రూపాయలు బయట చిక్కుకుంటాయి. అంత సొమ్ము సొంతంగా లేని యజమాని రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే, ఒక్కో బిల్లు మీద నాలుగు నెలల వడ్డీ 8,480 అవుతుంది, పన్నెండు వేల లాభంలో 3,520 మిగులుతుంది. మూడు రూపాయల వడ్డీ అయితే 12,720. లాభం పోయి, ఎదురు 720 రూపాయలు చేతి నుంచి పడతాయి. ఇందులో యజమాని తన కష్టానికి జీతం వేసుకోనే లేదు.

ఆర్డరు రెట్టింపైతే పరిస్థితి చక్కబడుతుందని అందరమూ అనుకుంటాం. నిజానికి అప్పుడు చిక్కుకునే సొమ్ము 8,48,000 అవుతుంది. పెద్ద ఆర్డరు వచ్చిందని సంబరపడిన కుటుంబం ఆ ఏడాదే నగలు తాకట్టు పెట్టుకోవలసి రావడానికి కారణం ఇదే. గల్లాపెట్టెలోని డబ్బును ఇంటి ఖర్చులకు తీయడం, ధర సరిగా కట్టకపోవడం వంటి తప్పులు కూడా ఉన్నాయి, కానీ అవి యజమాని కంటికి కనబడతాయి. బాకీ మాత్రం ఖాతా పుస్తకంలో ఆస్తిలాగే కనిపిస్తుంది.

[తెరపై: ఒక బిల్లు, దాని మీద ఉద్యం నంబరు]

చట్టం ఈ విషయంలో చిన్నవారి పక్షానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల వద్ద సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి; ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ చక్రవడ్డీ. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన నిబంధన వల్ల, గడువు దాటిన బాకీని కొనుగోలుదారు నిజంగా చెల్లించే దాకా తన ఖర్చుగా చూపుకోలేడు. ఈ హక్కులు కావాలంటే సరుకు ఇవ్వకముందే, ప్రభుత్వం ఇలాంటి సంస్థలకు ఇచ్చే ఉద్యం నమోదు చేయించుకుని, ఆ నంబరును ప్రతి బిల్లు మీదా వేయండి. ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు ఉచితం. రుసుము అడిగేవారిని నమ్మవద్దు.

అయితే రేపటి ఆర్డరు కూడా ఆ కంపెనీ నుంచే రావాలి కాబట్టి ఫిర్యాదుకు చాలామంది జంకుతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అందుకే బేరం కుదిరే రోజునే మాట్లాడుకోవలసినవి ఉన్నాయి. ముడిసరుకు కొనుగోలుదారే ఇచ్చి, పనికి మాత్రమే డబ్బు తీసుకునే జాబ్ వర్క్ పద్ధతికి ఒప్పించగలిగితే, పై లెక్కలో అదే 12,000 లాభానికి 28,000 ఖర్చు, పని విలువపై కట్టే జీఎస్టీ మాత్రమే చిక్కుకుంటాయి. అది కుదరకపోతే కనీసం ఇనుము ఖరీదైనా అడ్వాన్సుగా అడగండి. కొనుగోలుదారు పెద్ద కంపెనీ అయితే, అది ట్రెడ్స్‌లో, అంటే చిన్న సంస్థల బిల్లులను బ్యాంకులు కొనే ఆన్‌లైన్ వేదికపై, ఉందేమో కనుక్కోండి. 250 కోట్లకు మించిన టర్నోవరు గల కంపెనీలు అందులో నమోదు కావడం తప్పనిసరి. అక్కడ కంపెనీ ఆమోదించిన బిల్లును బ్యాంకులు పోటీపడి తక్కువ వడ్డీకి కొంటాయి, పైగా కంపెనీ ఎగ్గొడితే ఆ భారం మీ మీద పడదు.

[తెరపై: కిరాణా దుకాణం, కౌంటరు మీద ఖాతా పుస్తకం]

కిరాణా, బట్టల దుకాణాల వారికి ఒక ముఖ్యమైన మాట. వ్యాపారులకు 2021 నుంచి ఉద్యం నమోదు ఇస్తున్నా, అది ప్రాధాన్యతా రంగ రుణాల కోసమే, అంటే బ్యాంకులు కొంత వాటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన రుణాల కోసం. 45 రోజుల రక్షణ వారికి వర్తించదు. కాబట్టి దుకాణదారుడు తన హద్దు తానే గీసుకోవాలి. హోల్‌సేల్ వ్యాపారి మీకు పదిహేను రోజుల గడువు ఇస్తుండగా మీరు ఖాతాదారులకు నెల రోజులు అరువు ఇస్తుంటే, మధ్యలోని పదిహేను రోజుల సరుకంతా మీ సొంత డబ్బుతో నడుస్తున్నట్లే. ఈ రాత్రి దుకాణం కట్టేశాక ఆ పదిహేను రోజుల సరుకు విలువ ఎంతో కాగితం మీద వేసి, అది మీ దగ్గరున్న నగదు కంటే ఎక్కువో తక్కువో చూడండి.