కాలికి ఆది ఇవ్వకుండా రన్నింగ్ బూట్లు కొనకండి

అందరికీ నమస్కారం. "అక్కా, నాది ఫ్లాట్ ఫుట్, ఏ బూట్లు కొనాలి?" ఏ వీడియో పెట్టినా కింద ఇదే ప్రశ్న. ఫ్లాట్ ఫుట్ అంటే అరికాలికి వంపు తక్కువగా ఉండటం. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, అటు రాయగడ నుంచి కూడా, ఆర్మీకో పోలీసుకో ప్రాక్టీస్ చేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కాలు తడిపి గచ్చు మీద పెట్టి, ఆ ముద్రని ఫొటో తీసి మరీ పంపిస్తున్నారు. ఆ ముద్ర చూసి బూటు చెప్పమంటే నేను చెప్పను. ఆ తడి ముద్ర వల్ల చాలామంది కాలికి పట్టని బూటు కొని, ఇంట్లోవాళ్ళు కష్టపడి ఇచ్చిన డబ్బు పోగొట్టుకుంటున్నారు, అది చూస్తుంటే నాకు బాధేస్తుంది.

తడి ముద్ర చెప్పేది ఒక్కటే, మీరు కదలకుండా నిలబడ్డప్పుడు పాదం నేలకి ఎంత ఆనుతోందో. పరిగెత్తేటప్పుడు పాదం చేసే పని వేరు. నేలని తాకగానే కాస్త లోపలికి వాలుతుంది, ఆ వాలడంతోనే దెబ్బని మింగుతుంది. ఇది అందరి కాళ్ళలోనూ జరిగేదే, జబ్బు కాదు. "వంపు తక్కువ ఉన్నవాళ్ళకి లోపలి పక్క గట్టి సోల్ ఉన్న బూటే వేయాలి" అని ఏళ్ళ తరబడి అమ్ముతూ వచ్చారు. అమెరికా సైన్యంలో, వైమానిక దళంలో, మెరైన్లలో కొత్తగా చేరినవాళ్ళ మీద దీన్ని పరీక్షించారు. సగంమందికి పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఇచ్చారు, మిగతా సగానికి ఆకారం చూడకుండా అందరికీ ఒకే రకం. 2009, 2010లో ఫలితాలు వచ్చాయి, గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 2014లో డెన్మార్క్ వాళ్ళు తొమ్మిది వందల మందికి పైగా కొత్త రన్నర్లకి ఒకే మామూలు బూటు ఇచ్చి ఏడాది పాటు చూశారు. పాదం లోపలికి వాలేవాళ్ళకి ఎక్కువ గాయాలేమీ కాలేదు.

ఆర్మీ మెడికల్‌లో ఫ్లాట్ ఫుట్ చూస్తారు కదా అంటారు. చూస్తారు, నిజమే. కానీ వాళ్ళు చూసేది బరికాలిని, ఖరీదైన బూటు వేసుకున్నంత మాత్రాన వంపు రాదు. కాలు నొప్పి పెడుతుంటే ఎముకల డాక్టరుకి చూపించండి, నొప్పి లేకపోతే ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

మరి దేన్ని బట్టి కొనాలి? టైలర్ దగ్గరికి వెళ్ళి "ముప్పై ఆరు" అని ఒక్క అంకె చెప్పి జాకెట్టు కుట్టించుకుంటామా? ఆది జాకెట్టు ఇస్తాం. భుజం, చంక, చెయ్యి లూజు అన్నీ అందులోనే ఉంటాయి. బూటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం బడా బజార్‌లో షాపతను "కేతే నంబర్?" (ఎంత నంబరు?) అనగానే "ఎనిమిది" అనేస్తాం. ఆ ఎనిమిది పొడవు మాత్రమే చెబుతుంది, అదీ అన్ని కంపెనీలకీ ఒకటి కాదు. ఒక కంపెనీ 8 పెట్టె మీద 27 సెంటీమీటర్లు అని ఉంటే ఇంకో కంపెనీ 8 మీద 26.5 ఉంటుంది. అర నంబరు తేడా అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు, బొటనవేలి గోరు నల్లబడటానికి అది చాలు.

(కాగితం, పెన్సిల్ చూపిస్తూ) మీ ఆది మీరే తీసుకోండి. సాయంత్రం తీయండి, పొద్దున్నకన్నా అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, పరిగెత్తినప్పుడూ అలాగే ఉబ్బుతుంది. రన్నింగ్‌కి వేసుకునే సాక్సే వేసుకుని, కాగితం మీద బరువంతా వేసి నిలబడి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయించుకోండి. రెండు కాళ్ళకీ గీయాలి, సాధారణంగా ఒకటి పెద్దగా ఉంటుంది, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. మడమ నుంచి అన్నిటికన్నా పొడవైన వేలి దాకా సెంటీమీటర్లలో కొలవండి. కొందరికి బొటనవేలికన్నా పక్క వేలే పొడవు, అలాంటివాళ్ళు ఆ వేలి దాకా కొలవాలి. తర్వాత వెడల్పు, అంటే బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి మొదలు దాకా.

షాపులో బూటు లోపల పరిచిన మెత్తటి సోల్ బయటికి తీయమనండి. చాలా రన్నింగ్ బూట్లలో వచ్చేస్తుంది. దాన్ని నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికి వేలాడుతోందంటే ఆ బూటు ఎంత ఆఫర్‌లో ఉన్నా వద్దు. "వాడగా వాడగా సాగుతుంది" అని షాపతను అంటాడు, పైన గుడ్డ కొంచెం సాగుతుందేమో, సోల్ సాగదు. చంక దగ్గర పట్టేసిన జాకెట్టుని ఎన్నిసార్లు ఉతికినా చంక పట్టేసే ఉంటుంది కదా! బరికాళ్ళతో తిరుగుతూ పెరిగినవాళ్ళకి వేళ్ళు బాగా విచ్చుకుని ఉంటాయి, మన పల్లెల్లో చాలామంది పాదాలు అలాంటివే. వాళ్ళు 2ఈ, 4ఈ అని రాసిన వెడల్పు మోడళ్ళు అడగాలి, పొడవు పెంచి సర్దుకోకూడదు.

జాకెట్టుకి లోపల కుట్టు దగ్గర కాస్త బట్ట వదలమంటామే, అలాగే కాలి వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. తప్తపాణి ఘాట్ లాంటి చోట దిగువకి పరిగెత్తితే పాదం ముందుకి జారుతుంది, ఆ ఖాళీ లేకపోతే ప్రతి అడుగుకీ గోరు బూటుకి గుద్దుకుంటుంది. మడమ మాత్రం లోపల కదలకూడదు. కదులుతుంటే పైన ఆఖరి రంధ్రంలోంచి కూడా లేసు ఎక్కించి కట్టి చూడండి, అయినా జారితే వేరే మోడల్. ఇక ట్రయల్. జాకెట్టు వేసుకుని చెయ్యి పైకెత్తి చూస్తాం, బూటు వేసుకుని షాపు బయట ఒక చిన్న పరుగు తీయండి. సిగ్గు పడకండి. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో పాదాల కదలిక మీద ఏళ్ళ తరబడి పనిచేసిన బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో రాసింది కూడా ఇదే, కాలికి హాయిగా అనిపించిన బూటునే ఎంచుకోమని. అడుగు పెట్టగానే ఎక్కడో నొక్కుతుంటే ఆ నొక్కుడు పదో కిలోమీటర్‌కి పుండవుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. పాత బూట్లు పారేయకండి, షాపుకి పట్టుకెళ్ళండి, అవే మీ ఆది జాకెట్టు, ఎక్కడ చిరిగిందో, ఏ వేలు గుడ్డని పొడుచుకొచ్చిందో అన్నీ చెబుతాయి. గోపాల్‌పూర్ ఇసుకలో పరిగెత్తితే ఇంటికి రాగానే ఇసుక దులిపి, తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే గమ్ము వదిలేస్తుంది. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య లోపలి ఫోమ్ చచ్చిపోతుంది, బయటి సోల్ బాగున్నా సరే. సెలెక్షన్‌లో 1600 మీటర్ల పరుగు ఉన్న రోజున కొత్త బూటు విప్పకండి, కనీసం రెండు వారాల ముందు నుంచి వాడండి.

మీ రెండు పాదాల పొడవు, వెడల్పు సెంటీమీటర్లలో కింద రాయండి. తడి ముద్రల ఫొటోలు వద్దు, కొలతలు పంపితే ఒక్కొక్కరికీ జవాబిస్తాను.