చేయి లేవడం లేదా? నరాల వైద్యుడితో ఫోన్-ఇన్

యాంకర్: నల్లగొండ నుంచి నరాల వైద్యులు మనతో ఉన్నారు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే డాక్టర్ గారూ. మా అబ్బాయికి 23 ఏళ్లు. బతుకమ్మ ముందు బండి మీద నుంచి పడ్డాడు. ఎముక విరగలేదు కానీ కుడి చేయి లేవడం లేదు. మెడకు ఎంఆర్ఐ తీసి బాగానే ఉందన్నారు. నూనె మర్దన చేయిస్తున్నాం...

డాక్టర్: నూనె సంగతి తర్వాత. వేళ్లు కదుపుతున్నాడా?

కాలర్: గ్లాసు పట్టుకుంటాడు, నోటిదాకా తేలేడు. ఎడమ చేత్తో ఆ చేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుంటాడు.

డాక్టర్: భుజం, మోచేయి పోయాయి, పిడికిలి మిగిలింది. మెడ నుంచి భుజానికి, మోచేతికి వచ్చే సీ5, సీ6 నరాలకు దెబ్బ తగిలినట్టుంది. ఆ వైపు కనురెప్ప వాలిందా?

కాలర్: లేదండి. స్కానులో బాగుందన్నారు కదా, మరి చేయి ఎందుకు లేవదు?

డాక్టర్: మీది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టా?

కాలర్: అవునండి, రెండెకరాలు.

డాక్టర్: తూము దగ్గర నీళ్లున్నాయని, కింద కట్ట తెగినా మీ మడి తడుస్తుందా? మెడ స్కాను తూము దగ్గర ఆగిపోయింది. చేతి నరాలు ఐదు వేర్లుగా బయలుదేరి, మెడ పక్క కండరాల మధ్య నుంచి, కాలర్ ఎముక వెనుకగా చంకలోకి దిగుతాయి. ఆ దారంతా చూసేది బ్రేకియల్ ప్లెక్సస్ ఎంఆర్ఐ. వేరు వెన్నుపాము దగ్గరే ఊడితే అక్కడ చాలాసార్లు నీటి తిత్తి కనిపిస్తుంది. అలా ఊడినదాన్ని మామూలుగా కుట్టలేరు, పక్క నరం నుంచి పాయ తెచ్చి కలపాలి. కిందెక్కడో తెగితే వేరే పద్ధతి. నరాలు, కండరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే ఈఎంజీ పరీక్ష కూడా చేయించండి.

కాలర్: సంక్రాంతి అయ్యాక మర్దన ఇంకో నెల...

డాక్టర్: మూడు నెలలు దాటాయమ్మా! ఆపరేషన్ అవసరమైతే ఆరు నెలల లోపే మేలు. ఏడాదిన్నర దాటితే నరం కలిపినా కండరం లేవదు. కాలం పోనివ్వకండి. ఈలోగా కీళ్లు బిగుసుకోకుండా మీరే మెల్లగా చేయి ఆడించండి. స్పర్శ తెలియని చోట వేడి కాపడం వద్దు, కాలినా తెలియదు.

యాంకర్: ధన్యవాదాలు. మహబూబ్‌నగర్ నుంచి.

కాలర్: కాలర్ ఎముకలో ప్లేటు ఉంది సార్, ఎంఆర్ఐకి వెళ్లవచ్చా?

డాక్టర్: టైటానియం అయితే సాధారణంగా వెళ్లవచ్చు. ప్లేటు చుట్టూ బొమ్మ చెదురుతుంది, అంతే. ఆపరేషన్ కాగితాలు చూపించండి. పేస్‌మేకర్ ఉందా?

కాలర్: లేదు సార్. రేడియేషన్...

డాక్టర్: ఉండదు, అది అయస్కాంతం.

యాంకర్: దేవరకొండ నుంచి.

కాలర్: రొమ్ము క్యాన్సర్‌కు ఆరేళ్ల కిందట కరెంటు (రేడియేషన్) పెట్టారు. ఇప్పుడు ఆ వైపు చేయి తిమ్మిరెక్కుతోంది.

డాక్టర్: కరెంటు వల్ల నరం గట్టిపడినా అలాగే ఉంటుంది, జబ్బు తిరగబెట్టినా అలాగే ఉంటుంది. మందు ఎక్కించి తీసే ఎంఆర్ఐలో తేడా తెలియవచ్చు. ఈ వారమే మీ క్యాన్సర్ డాక్టరును కలవండి. కాలం పోనివ్వకండి.

యాంకర్: మళ్లీ మిర్యాలగూడ అమ్మగారే లైన్లో ఉన్నారు.

కాలర్: ఆ స్కాను పేరు ఇంకోసారి చెప్పండి సార్, క్యాలెండర్ మీద రాసుకుంటాను.

డాక్టర్: బ్రేకియల్... ప్లెక్సస్... రాశారా? కుడి వైపు అని కూడా రాయండి.