పిల్లలు ఎగిరేదాకా చెరువులో నీళ్లు ఉంచండి
(ఫోన్-ఇన్ కార్యక్రమం, అనంతపురం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మన చెరువులకు వచ్చే వలస పక్షుల గురించి మాట్లాడుకుందాం. అటవీ శాఖలో పనిచేసి రిటైరైన సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్. ఎక్కడి నుంచమ్మా?

శ్రోత (చిలమత్తూరు మండలం): వీరాపురం పక్క పల్లె సార్. మా ఇంటి ముందర చింతచెట్టు మీద సైబీరియా కొంగలు గూళ్లు పెట్టినాయి. మా అత్త కాలం నుంచి వస్తాయి. అవి వస్తే వాన బాగుంటుందని మా నమ్మకం. మొన్న రాత్రి గాలికి ఒక పిల్ల కింద పడింది. కుక్క పట్టుకోబోతే నేనే ఎత్తుకొచ్చినాను. గంప కింద పెట్టినాను. పాలల్లో అన్నం పిసికి పెడితే తినడం లేదు. ఏం పెట్టాలి సార్?

నిపుణుడు: మంచి పని చేసినావమ్మా. పాలు, అన్నం మాత్రం వద్దు. అది చేప తినే పిల్ల. చిన్న చేపలు ముందర వేస్తే అదే తీసుకుంటుంది. నోరు తెరిచి నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. నీడలో ఉంచి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు కబురు పెట్టండి. ఇంకో మాట. ఇవి సైబీరియా నుంచి రావమ్మా. ఎర్రకాళ్ల కొంగలు ఇవి, మన దేశంలోనే నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. అసలు సైబీరియా కొంగ మన దేశంలో చివరగా కనిపించింది 2002లో, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో. మళ్లీ రాలేదు.

శ్రోత: అట్లనా సార్. మరి మజ్జిగన్నం?

నిపుణుడు: మజ్జిగన్నం కూడా వద్దమ్మా. చేపలే.

శ్రోత: చేపలు యాడ సార్! అదే చెప్పాలని ఫోన్ చేసినాను. చెరువు పాట పాడుకున్నాయన మోటార్లు పెట్టి నీళ్లు తోడేస్తున్నాడు, ఉన్న చేపలన్నీ ఒకేసారి పట్టుకోవాలని. నాలుగు దినాలైంది. అప్పటి నుంచి పెద్ద కొంగలు పొద్దున పోతే మధ్యాహ్నం దాకా రావడం లేదు. పిల్లలు గూట్లో ఒకటే అరుపు. నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు సార్.

నిపుణుడు: అదీ అసలు కారణం. గాలికి పడిందని మీరంటున్నారు, ఆకలికి గూడు అంచుకు వచ్చి పడి ఉంటుంది. ఈ కొంగ కంటితో చూసి వేటాడేది కాదు. మోకాలి లోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి అటూ ఇటూ తిప్పుతుంది, చేప తగలగానే పట్టేస్తుంది. మరీ లోతైనా, ఎండిపోయినా దానికి తిండి లేదు. గుడ్డు పిల్ల కావడానికి నెల, పిల్ల ఎగరడానికి ఇంకో రెండు నెలలు. ఆ మూడు నెలలూ దగ్గర్లో చెరువు ఉండాలి. నేను ఎప్పుడూ చెప్పేది ఇదే: పిల్లలు ఎగిరేదాకా చెరువు పూర్తిగా తోడొద్దు.

శ్రోత: మేం చెబితే వింటాడా సార్? చట్టం లేదా?

నిపుణుడు: పక్షిని, గూటిని, గుడ్డును ముట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం ఉంది. నీళ్ల విషయంలోనే చిక్కు. 2017లో కేంద్రం చిత్తడి నేలల నిబంధనలు తెచ్చింది గానీ, సాగునీటి కోసం కట్టిన చెరువులను అందులో చేర్చలేదు. రాయలసీమలో మన చెరువులు సాగుకు కట్టినవే కదా! నాకు చాలా బాధ కలిగించే విషయం ఇది. అందుకే ఊరే పూనుకోవాలి. ఈ సారికి ఆయనతో కూర్చుని మాట్లాడండి, తూము దగ్గర గుంటలోనైనా నీళ్లు వదలమనండి. వచ్చే ఏడు వేలం ముందే పంచాయతీలో తీర్మానం చేసి, ఆ షరతు పాటలోనే రాయించండి.

శ్రోత: సరే సార్. మరి ఈ పిల్లకు అన్నం...

నిపుణుడు: వద్దమ్మా, వద్దు. చిన్న చేపలు. లైన్‌లోనే ఉండండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. తరువాతి కాల్.

శ్రోత (నందికొట్కూరు): నేను శనగ రైతును సార్. అలగనూరు రిజర్వాయర్ నుంచి చలికాలంలో బాతులు రాత్రిపూట వచ్చి చేను మేసిపోతాయి. తల వెనక రెండు నల్ల చారలుంటాయి. అరెకరం పోయింది. పక్కాయన గుళికల మందు చల్లమంటున్నాడు.

నిపుణుడు: ఆ మాట మళ్లీ అనొద్దు! మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. చచ్చిన బాతును తిన్న కుక్క చస్తుంది, గద్ద చస్తుంది. ఎవరైనా కూర వండుకుంటే మనిషికీ ముప్పే.

శ్రోత: మా నష్టం ఎవరిస్తారు సార్?

నిపుణుడు: న్యాయమైన మాటే. ఫొటోలు తీసి, సర్వే నంబరుతో అటవీ శాఖకు అర్జీ పెట్టండి. మొలక లేతగా ఉన్నప్పుడే బెడద ఎక్కువ. ఆ వారాలు నలుగురు రైతులు వంతులవారీగా కాపలా కాయండి, టార్చి లైటు వేసి డబ్బా కొట్టండి. ఆ బాతు మంగోలియా, టిబెట్ నుంచి హిమాలయాలు దాటి వస్తుందయ్యా. ఏడు వేల మీటర్ల పైన ఎగిరినట్లు శాస్త్రవేత్తలు రికార్డు చేశారు. అంత దూరం వచ్చి మన చేలో విషం తిని పోవడమా?

వ్యాఖ్యాత: తరువాతి కాల్, కడప నుంచి.

శ్రోత (కడప): సార్, డ్రోన్‌తో గూళ్ల వీడియో తీయాలంటే...

నిపుణుడు: తీయొద్దు. డ్రోన్ శబ్దానికి తల్లి లేచిపోతే, ఎండకు గుడ్లు పాడవుతాయి. కాకులు ఎత్తుకుపోతాయి. దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడు బాబూ.

వ్యాఖ్యాత: ఇంకొకరు కడప జిల్లా నుంచే.

శ్రోత (బద్వేలు వైపు): చెరువులో నాలుగైదు బాతులు చచ్చి తేలినాయి సార్. మెడలు వాలిపోయి ఉన్నాయి. నీళ్లు తగ్గి కంపు కొడుతున్నాయి.

నిపుణుడు: చేతులతో ముట్టుకోవద్దు. ఈ రోజే పశువుల డాక్టరుకు, ఫారెస్టు వాళ్లకు చెప్పండి. విషమో, జబ్బో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. 2019లో రాజస్థాన్ సాంభర్ సరస్సులో వేల పక్షులు బాట్యులిజం అనే జబ్బుతో చనిపోయాయి. కళేబరంలో సూక్ష్మజీవి విషం పుట్టిస్తుంది, అది కళేబరానికి పట్టిన పురుగుల్లో చేరుతుంది. ఆ పురుగులను తిన్న పక్షి చస్తుంది. దాని కళేబరంలో మళ్లీ అదే. అందుకే వాళ్లు వచ్చి కళేబరాలు తీయించేదాకా పశువులను ఆ నీళ్లకు తోలొద్దు.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయింది సార్.

నిపుణుడు: ఒక్క నిమిషం. ఆ చిలమత్తూరు అమ్మ ఇంకా లైన్‌లో ఉందా? నంబరు రాసుకోండి. రేంజ్ ఆఫీసు వాళ్లను వెంటబెట్టుకుని రేపు పొద్దున నేనే ఆ చెరువు కాడికి పోతాను.