తలుపు తెరిచే ముందు

శ్రోతలకు నమస్కారం.

ఒక పెద్ద హాలు ఊహించుకోండి. హాలు మధ్యలో విమానం ముక్క ఒకటి నిలబెట్టి ఉంది, నడుము దగ్గర కోసి తెచ్చినట్టు. లోపల అయిదారు వరుసల సీట్లు, తల మీద సామాన్ల అరలు, ఒక పక్క తలుపు, తలుపు పక్కన గోడకు మడిచిపెట్టే చిన్న సీటు. కేబిన్ సిబ్బందికి శిక్షణ ఇచ్చేచోట దీన్ని మాకప్ అంటారు. ఆ చిన్న సీటులో, వీపు గోడకు ఆనించి, ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వారాల తరబడి పాఠాలు విన్నది. ఈరోజు పరీక్ష.

దీపాలు ఆరిపోతాయి. నాటకాల్లో వాడే పొగ కమ్ముకుంటుంది. విమానం ఖాళీ చేయమన్న ఆదేశం వినిపిస్తుంది. ఆమె బెల్టు విప్పి, ఒక్క ఉదుటున లేచి, పిడి ఎత్తి తలుపును బయటికి తోసేస్తుంది. ఆ చురుకు చూస్తే ముచ్చటేస్తుంది. శిక్షకుడు మాత్రం దీపాలు వేయించి ఒకే ఒక్క మాట అడుగుతాడు: "తలుపుకున్న కిటికీలో ఏం కనిపించిందమ్మా?"

ఆమె దగ్గర జవాబు లేదు. కిటికీ అవతల తెర మీద మంటలు ఎగసిపడుతున్నాయి. తలుపు తెరవబోయే ముందు బయట మంట ఉందా, నీళ్లున్నాయా, ఏదైనా అడ్డం ఉందా చూడాలన్న సంగతి ఆమెకు తెలియక కాదు. వారం కిందట రాతపరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకున్నది. నోటికి వచ్చినది చేతికి రాలేదు, అంతే.

నోటికీ చేతికీ మధ్య ఉన్న ఈ దూరం గురించే ఇవాళ మాట్లాడదామనుకుంటున్నాను.

చాలాకాలం పాటు ఈ శిక్షణను గంటల్లో కొలిచేవారు. మంటలు ఆర్పడానికి ఇన్ని గంటలు, ప్రథమ చికిత్సకు ఇన్ని గంటలు, విమానం నీళ్ల మీద దిగితే చేయవలసిన పనులకు ఇన్ని గంటలు. లెక్క పూర్తయి, పరీక్షలో గీత దాటితే సర్టిఫికెట్ చేతికి వచ్చేది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అదే ఐసీఏఓ, 2014లో కేబిన్ సిబ్బంది భద్రతా శిక్షణకు కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. వాటికి వెన్నెముక సామర్థ్య ఆధారిత శిక్షణ. పేరు బరువే కానీ విషయం తేలిక. ఎన్ని గంటలు కూర్చున్నావని అడగరు. ఈ పనిని, ఈ పరిస్థితిలో, ఈ ప్రమాణానికి తగ్గట్టు చేసి చూపించమంటారు. తెలిసి ఉండాలి, చేయగలగాలి, చేయాలన్న బుద్ధి సమయానికి పుట్టాలి. మూడూ ఒకచోట కలిస్తే దాన్ని సామర్థ్యం అంటారు. మన మాకప్ అమ్మాయికి మొదటిది నిండుగా ఉంది, రెండోది కూడా ఉంది. మూడోది ఆ పొగలో దారి తప్పింది.

ఆ మూడోదానితో ఏం పని అనుకునేవారికి హనేడా గుర్తుచేస్తాను. 2024 జనవరి 2 సాయంత్రం, టోక్యోలోని ఆ విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద ఉన్న కోస్ట్ గార్డ్ విమానాన్ని ఢీకొట్టింది. కోస్ట్ గార్డ్ విమానంలోని ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు. మంటలతో జారుకుంటూ వెళ్లి ఆగిన పెద్ద విమానంలో 379 మంది ఉన్నారు. ఎనిమిది తలుపుల్లో వాడుకోగలిగినవి మూడే. లోపల ప్రకటనలు చేసే ఏర్పాటు చచ్చుబడిపోయింది. సిబ్బంది మెగాఫోన్లు పట్టుకుని, అవి లేనిచోట వట్టి గొంతుతోనే జనాన్ని నడిపించారు. వెనక ఎడమ తలుపు దగ్గర ఉన్న సిబ్బందికి కాక్‌పిట్‌తో, అంటే పైలట్లు కూర్చునే గదితో, మాట్లాడే దారి లేదు. బయటకు చూసి, ఇటు దిగవచ్చని తమంతట తామే నిర్ణయించుకుని తలుపు తెరిచారు. 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. మామూలుగా ఖాళీ చేయించే ఆదేశం కెప్టెన్ నుంచి రావాలి. ఆ ఆదేశం కోసం ఎదురుచూడటమే క్రమశిక్షణ. ఆదేశం వచ్చే దారి తెగిపోయిందనీ, ఇక ఎదురుచూస్తే మనుషులు పోతారనీ గ్రహించడం కూడా ఆ క్రమశిక్షణలో భాగమే. ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు? దీన్ని బల్ల మీద కాగితం పెట్టి పరీక్షించలేం. కాక్‌పిట్‌తో మాట్లాడే ఫోను పలకని మాకప్‌లో, నిజంగానే ఎవరూ ఏమీ చెప్పని చోట నిలబెట్టి చూడాలి. మంచి శిక్షకులు కావాలనే ఫోను తీగ పీకేస్తారు. కొందరు విద్యార్థులు పలకని ఆ ఫోనునే చెవికి పెట్టుకుని అలాగే నిలబడిపోతారు. వారిని చూసి నవ్వడం తేలిక. ఆ స్థానంలో మనం ఉంటే ఏం చేసేవాళ్లమో మనకు తెలియదు.

వేగం మాటకొస్తే, 44 కంటే ఎక్కువ సీట్లున్న విమానాన్ని మార్కెట్లోకి తేవాలంటే, సగం తలుపులే వాడి, చీకట్లో, 90 సెకన్లలో మొత్తం జనం దిగిపోగలరని తయారీదారు నిరూపించాలి. 2006లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఏ380 విమానంలో 873 మందిని ఎక్కించి పరీక్షిస్తే 78 సెకన్లలో ఖాళీ అయింది. గొప్పే, కాదనను. కానీ ఆ పరీక్షలో ఉన్నవారికి తమ ప్రాణాలకు ముప్పు లేదని తెలుసు. పై అరలో లాప్‌టాప్ ఉండిపోయిందన్న బెంగ లేదు.

ముప్పు ఉందనుకున్నప్పుడు మనుషులు ఎలా ప్రవర్తిస్తారో చూడాలని ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డ్‌లో హెలెన్ మ్యూర్ అనే శాస్త్రవేత్త ఒక ఉపాయం పన్నారు. 1985లో మాంచెస్టర్‌లో ఒక విమానం రన్‌వే మీదనే అంటుకుని 55 మంది చనిపోయారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. ఆ తర్వాత జరిగిన పరిశోధన ఇది. పాత విమానంలో వలంటీర్లను కూర్చోబెట్టి, ముందుగా బయటపడిన సగం మందికి అదనంగా 5 పౌండ్లు ఇస్తామన్నారు. ఆ చిన్న మొత్తం కోసం పెద్దమనుషులు సీట్ల మీదుగా ఎక్కి దూకారు, తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కుపోయారు. అయిదు పౌండ్లకే అంత తొక్కిసలాట!

తర్వాతి ప్రయోగాల్లో సిబ్బంది ప్రవర్తనను మార్చి చూశారు. మెతకగా, మర్యాదగా దారి చూపే సిబ్బంది ఉన్నప్పటికంటే, గట్టిగా అరుస్తూ, అవసరమైతే చేయి వేసి తోస్తూ నడిపించే సిబ్బంది ఉన్నప్పుడు జనం చాలా వేగంగా దిగిపోయారు. కాబట్టే శిక్షణలో గొంతుకు కూడా కొలత ఉంటుంది. "బెల్టు విప్పండి, సంచులు వదలండి, ఇటు రండి, దూకండి!" ఈ మాటలు ఎలా పలికారు, చివరి వరుసకు వినపడ్డాయా, తలుపు దగ్గర బెదిరి ఆగిన మనిషిని కదిలించగలిగారా అని చూస్తారు. రోజంతా చిరునవ్వుతో "ఇంకేమైనా కావాలా అండీ" అనడం అలవాటైన గొంతు, ఒక్క క్షణంలో కసురుకునే గొంతుగా మారాలి. మొదటి రోజుల్లో చాలామందికి మంటలు ఆర్పడం కన్నా ఇదే కష్టం. అరవడానికి సిగ్గుపడతారు.

అరవడం నేర్పవచ్చు. అంతకంటే కష్టమైనది మెల్లగా చెప్పవలసిన ఒక్క మాట చెప్పడం. 1989లో రెండు నెలల తేడాతో రెండు ప్రమాదాలు జరిగాయి. జనవరి 8న ఇంగ్లండులోని కెగ్‌వర్త్ దగ్గర కూలిన విమానంలో చెడిపోయింది ఎడమ ఇంజను. పైలట్లు పొరపాటున కుడి ఇంజనును ఆపేశారు. కుడి ఇంజనులో తేడా వచ్చింది, ఆపేశామని కెప్టెన్ ప్రయాణికులకు చెప్పాడు కూడా. వెనక కూర్చున్నవారిలో కొందరు ఎడమ వైపు నిప్పు చూశారు, సిబ్బందిలోనూ చూసినవారు ఉన్నారు. ఆ మాట కాక్‌పిట్ దాకా వెళ్లలేదు. 47 మంది చనిపోయారు. మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో, రెక్కల మీద మంచు పేరుకున్న విమానం అలాగే పైకి లేవబోయి కూలింది. 24 మంది పోయారు. రెక్కల మీద మంచును సిబ్బంది చూశారు. ప్రయాణికులుగా కూర్చున్న పైలట్లు ఇద్దరు కూడా చూశారు. ఎవరూ కెప్టెన్‌కు చెప్పలేదు. ఆయనకు తెలిసే ఉంటుందనుకున్నారు.

తెలిసే ఉంటుందిలే అనుకోవడం మనందరికీ అలవాటే. పెద్దవారికి మనం చెప్పడమేమిటన్న సంకోచం ఒక్కోసారి మర్యాద వేషంలో వస్తుంది. నన్నడిగితే ఈ కొత్త శిక్షణలో అసలు విలువైనది ఇదే. కాక్‌పిట్ తలుపుకు అవతలివారికి కబురు చేరవేయడాన్ని మంచి గుణంగా పొగిడి వదిలేయరు, మార్కులు వేసే పనిగా లెక్కిస్తారు. శిక్షకుడు కెప్టెన్ వేషం కట్టి విసుగ్గా జవాబిస్తాడు: "తర్వాత చూద్దాం, ఇప్పుడు పనిలో ఉన్నాను." విద్యార్థి అక్కడితో ఆగిపోతే ఆ అంశంలో నెగ్గనట్టే. ఏ వైపు, ఏం కనిపించింది, ఎప్పటి నుంచి అన్నది సూటిగా మళ్లీ చెప్పాలి.

ఈ మధ్యకాలపు చిక్కు ఒకటి చెబుతాను. ప్రయాణికుడి ఫోను జారి సీటు సందులో పడుతుంది. ఆయన ఏం చేస్తాడు? దాన్ని తీయడానికి సీటును ముందుకూ వెనక్కూ జరుపుతాడు. లోపలి యంత్రం ఫోనును నలిపితే దానిలోని లిథియం బ్యాటరీ అంటుకోవచ్చు. అందుకే సిబ్బంది ముందుగా "సీటు కదపకండి" అంటారు, ఆయనను లేపి పక్కకు పంపిస్తారు. అంటుకుంటే ముందు మంట ఆర్పి, ఆ తర్వాత నీళ్లు పోసి చల్లబరచాలి. మంట ఆరిందని వదిలేస్తే లోపలి వేడికి మళ్లీ రాజుకుంటుంది. ఐసు ముక్కలు వేయకూడదు, దుప్పటి కప్పకూడదు, అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. ఒకరు ఆర్పుతుంటే ఒకరు కాక్‌పిట్‌కు చెప్పాలి, ఒకరు నీళ్లు అందించాలి, చుట్టుపక్కల సీట్లవారిని జరపాలి. పాత పద్ధతిలో మంటలు ఒక పాఠం, జనాన్ని అదుపులో ఉంచడం ఒక పాఠం, కాక్‌పిట్‌తో మాట్లాడటం ఇంకో పాఠం. నిజం విమానంలో అవన్నీ ఒకే నిమిషంలో వచ్చిపడతాయి. అందుకే ఇప్పుడు వాటిని కలిపి ఒకే సన్నివేశంగా ఆడిస్తారు.

లోపాలు లేవా? ఉన్నాయి. కంటితో చూసి కొలిచేటప్పుడు కొలిచే కన్ను కూడా సరిగ్గా ఉండాలి. ఒకే అభ్యాసాన్ని ఇద్దరు శిక్షకులు చూసి, ఒకరు బాగుందని, ఇంకొకరు చాలదని అనవచ్చు. అందుకని శిక్షకులకూ శిక్షణ కావాలి. ఖర్చూ ఎక్కువే. నాకు ఇంకో భయం ఉంది. సామర్థ్యాలన్నిటినీ ఒక పెద్ద పట్టికగా రాసి, ప్రతిదాని ఎదుటా టిక్కు పెట్టుకుంటూ పోతే, అది కూడా గంటల లెక్కలాగే తూతూ మంత్రం అయిపోతుంది. కాగితం మారుతుంది, అలవాటు మారదు.

మళ్లీ మన మాకప్‌లోకి వెళ్దాం. తప్పు చేసిన అమ్మాయిని ఇంటికి పంపేయరు. ముందు ఆమెనే అడుగుతారు, ఏం జరిగిందని. "తలుపు ఎక్కడుందో వెతుక్కోవడంలో కిటికీ మరిచిపోయాను" అంటుంది. అసలు కారణం అక్కడ దొరికింది. ఆమెకు కిటికీ పాఠం మళ్లీ చెప్పరు. కళ్లు మూసుకుని తలుపు పిడిని తడిమి పట్టుకునే అభ్యాసం చేయిస్తారు, పదిసార్లు, ఇరవైసార్లు. చేయి తన పని తాను చేసుకుపోతే కళ్లకు కిటికీ చూసే తీరిక దొరుకుతుంది. మరుసటి రోజు మళ్లీ చీకటి, మళ్లీ పొగ. ఈసారి ఆమె చేయి పిడి మీద ఆగింది. ముఖం గాజుకు ఆనించి చూసింది. మంట. వెనక్కి తిరిగి, చేతులు రెండూ చాచి తలుపుకు అడ్డంగా నిలబడి, ఎదుటి తలుపు వైపు పొమ్మని అరిచింది. శిక్షకుడు ఏదో రాసుకున్నాడు.

మీరు ఈసారి విమానం ఎక్కినప్పుడు, అది పైకి లేవబోయే ముందు, చిన్న సీటులో మీకు ఎదురుగా కూర్చున్న సిబ్బందిని గమనించండి. మీ వైపే చూస్తున్నట్టు ఉంటారు కానీ చూపు మీ మీద ఉండదు. తలుపు ఏ వైపు, పిడి ఎటు తిప్పాలి, బయట వెలుతురు ఎంత ఉంది, దగ్గర కూర్చున్నవారిలో సాయం చేయగలవారెవరు, సాయం కావలసినవారెవరు అని లోలోపల ఒకసారి చెప్పుకుంటూ ఉంటారు. దీన్ని మౌన సమీక్ష అనవచ్చు. సుమారు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం వారిని మంచినీళ్లు అడగకండి.

నమస్కారం.