గొడవల్లో ఉండగా మిక్వేకి వెళ్లాలా?

(యెరూషలేం. యూదు స్త్రీల ధర్మసందేహాల ఫోన్-ఇన్. మిక్వే అంటే శుద్ధికోసం మునిగే నీటి కొలను. శ్రోత పేరు చెప్పలేదు.)

యాంకర్: హలో, చెప్పండమ్మా, వింటున్నాం.

శ్రోత: నమస్తే అండీ. నెలసరి ఆగాక లెక్కపెట్టే రోజుల్లో ఇవాళ నా ఏడో శుద్ధ దినం. చీకటి పడ్డాక మిక్వేలో మునగాలి. గోళ్లు తీసుకున్నా, తల దువ్వుకున్నా. గంటనుంచీ టబ్‌లోనే కూర్చున్నా. కాలు కదలట్లేదు.

సలహాదారు: ఏమైందమ్మా?

శ్రోత: మా ఆయనకీ నాకూ మాటల్లేవు. మునిగొస్తే ఇక ఆ రాత్రి... తెలుసు కదండీ.

సలహాదారు: మునక వేరు, పడక వేరు. నెలసరి వల్ల భార్యాభర్తలు ముట్టుకోకూడదన్న నిషేధాన్ని మిక్వే తీసేస్తుంది, అంతే. మీ ఇష్టంతో పని లేదని ఎక్కడా లేదు. భార్యను బలవంతపెట్టకూడదని మన ధర్మగ్రంథం తాల్ముద్‌లో, ఏరువిన్ భాగంలో ఉంది. ద్వేషంతో, తగవుతో కలవడాన్ని అందులోనే నెదారిమ్ భాగంలో తప్పుపట్టారు.

యాంకర్: పెళ్లికి ముందు చెప్పే పాఠాల్లో ఈ ముక్క గట్టిగా చెబితే బాగుండును.

శ్రోత: పోనీ, ఈ నెల మానేస్తే?

సలహాదారు: అప్పుడు ముట్టుకోవడమే ఉండదు. ఉప్పు గిన్నె కూడా చేతికి ఇవ్వరు, బల్లమీద పెడతారు. విసిగిపోయిన మనిషికి అది హాయే, కాదనను. కానీ మనసు కరిగిన రోజున భుజంమీద చెయ్యి వేయడానికీ వీలుండదు. ఆయన్ని సాధించడానికి మునక ఆపడాన్ని మాత్రం పండితులు మెచ్చరు.

శ్రోత: సాధింపు కాదండీ.

సలహాదారు: నిజం చెప్పండి. కోపమా, భయమా?

శ్రోత: ...కోపమే. చెయ్యెత్తే మనిషి కాదు. వాళ్లమ్మ ముందు నన్ను తీసిపారేశాడు.

సలహాదారు: భయమైతే మిక్వే సంగతి తరవాత, ముందు మీ క్షేమం చూసుకోమనేదాన్ని. కోపమే కాబట్టి, బయల్దేరేముందే చెప్పండి: "మునిగొస్తాను, ఇవాళ మాటలే." ఆయన కాదంటే మీ మతగురువు రబ్బీని అడిగి వాయిదా చూసుకోండి.

శ్రోత: అక్కడ మునక సరిగా జరిగిందో లేదో చూసే బలానిత్ ముందు ఏడుపొస్తే?

సలహాదారు: రానివ్వండి. ఆవిడకు కొత్తేం కాదు. వద్దనుకుంటే ఒంటరిగానే మునగొచ్చు. 2016 నుంచి ప్రభుత్వ మిక్వేల్లో ఆ వీలుంది.

శ్రోత: సరేనండీ. నీళ్లు చల్లారిపోయాయి. లేస్తాను.