నిన్నటి మాటకు ఇంగ్లిషు రూపాలు

అందరికీ నమస్కారం.

మూడు వరుసల పట్టిక ఒకటి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. గో, వెంట్, గాన్. కమ్, కేమ్, కమ్. ఎక్కాలు వల్లించినట్టు వల్లించాం. నేనూ పట్టికంతా తడుముకోకుండా ఒప్పజెప్పేవాణ్ణి. అయినా నలుగురిలో మాట్లాడవలసి వస్తే ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనే వచ్చేది. పట్టిక తెలిసినా మాట ఎందుకు తప్పుతోందో చాలా ఏళ్ళకు గాని నాకు బోధపడలేదు. భూతకాల రూపాలను ఇన్ని శతాబ్దాలుగా బతికించింది వాడుక. వాటిని మనం పట్టుకోవలసిందీ వాడుకలోనే. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదే.

ఇంగ్లిషులో అన్నిటికన్నా ఎక్కువగా వాడే పది క్రియలు చూడండి. బీ, హ్యావ్, డూ, సే, మేక్, గో, టేక్, కమ్, సీ, గెట్. భూతకాలానికి ఒక్కటి కూడా మామూలు దారిలో చివర ‘ఈడీ’ (-ed) చేర్చుకోదు. వాజ్, హ్యాడ్, డిడ్, సెడ్, మేడ్, వెంట్, టుక్, కేమ్, సా, గాట్. వేలాది క్రియలు ఈడీతో సరిపెట్టుకుంటుంటే ఇవి ఎందుకు లొంగలేదు? రోజూ నోళ్ళలో నానుతున్నాయి గనక. పిల్లలు మాటలు నేర్చే వయసులోనే వీటిని లెక్కలేనన్నిసార్లు వింటారు. మధ్యలో కొన్నాళ్ళు ‘గోడ్’ అన్నా, మళ్ళీ ‘వెంట్’ దగ్గరికే వచ్చేస్తారు. అరుదుగా వినబడే క్రియకు ఆ అండ లేదు. పాత రూపం గుర్తుకు రాకపోతే నోరు ఈడీ తగిలిస్తుంది. కొన్ని తరాలకు అదే ఒప్పవుతుంది.

‘హెల్ప్’కు అలాగే జరిగింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ‘హోల్పెన్’ అని ఉంటుంది. ఇప్పుడు అందరూ ‘హెల్ప్ట్’ అంటారు. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ సంగతిని లెక్కగట్టింది. పాత ఇంగ్లిషు నుంచి తీసుకున్న 177 అపక్రమ క్రియల్లో, అంటే ఈడీకి లొంగని క్రియల్లో, ఇప్పటికీ అపక్రమంగా మిగిలినవి 98. వాడుక వంద రెట్లు తగ్గితే, ఈడీలోకి జారే వేగం పది రెట్లు పెరుగుతుందట. ఆ లెక్క చదివినప్పుడు నాకు ఆ పట్టిక మీద ఉన్న కోపమంతా పోయింది. అందులో మిగిలినవన్నీ జనం వదులుకోలేకపోయిన మాటలు.

‘వెంట్’ కథ ఇంకా విచిత్రం. అది అసలు ‘గో’ది కాదు, ‘వెండ్’ అనే వేరే క్రియది. ‘గో’ తన సొంత భూతకాలాన్ని పోగొట్టుకుని పక్కింటి రూపాన్ని తెచ్చుకుంది. మన ‘వచ్చాడు’, ‘రాలేదు’ పక్కపక్కన పెట్టి చూడండి. పైకి చూస్తే రెండూ ఒకే క్రియ అని పోల్చుకోవడం కష్టమే.

అపక్రమం అన్నంత మాత్రాన క్రమం లేదని కాదు. సింగ్–స్యాంగ్–సంగ్, రింగ్–ర్యాంగ్–రంగ్, డ్రింక్–డ్ర్యాంక్–డ్రంక్ ఒక కుటుంబం. కీప్–కెప్ట్, స్లీప్–స్లెప్ట్ మరొకటి. కట్, పుట్, హిట్ అసలు మారనే మారవు. మొదటి కుటుంబంలో లోపలి అచ్చు మారుతుంది చూశారా, అది చాలా పాత పద్ధతి. సంస్కృతంలో లిఖితం–లేఖనం, బుద్ధి–బోధ అన్నప్పుడు ‘ఇ’ ‘ఏ’గా, ‘ఉ’ ‘ఓ’గా మారే గుణం ఉంది కదా, ఈ మార్పు దానికి దూరపు చుట్టం. రెండూ ఒకే మూలభాష నుంచి వచ్చినవే.

ఆ పాత అచ్చులో ఇప్పటికీ కొత్త మాటలు పోతపోస్తున్నారు. ‘స్నీక్’కు ‘స్నీక్ట్’ ఉండగానే 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ‘స్నక్’ పుట్టింది. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు లేని క్రియలు కల్పించి వాటికి భూతకాలం చెప్పమని అడిగారు. ‘గ్లింగ్’ అంటే పిల్లలు ఎక్కువమంది ‘గ్లింగ్డ్’ అన్నారు. పెద్దవాళ్ళలో చాలామంది ‘గ్ల్యాంగ్’ అనో ‘గ్లంగ్’ అనో అన్నారు. ఎవరూ నేర్పని మాటకు వాళ్ళ చెవే రూపం కట్టింది.

ఇక ఈడీ సంగతి. రాత ఒకటే, పలుకులు మూడు. మనం రాసినట్టు ‘వాకెడ్’, ‘హెల్పెడ్’ అని చదివేస్తాం. పరుషాలు, సరళాలు తెలిసినవాళ్ళకు ఇది నిజానికి చాలా తేలిక. క్రియ చివర క, ప, చ, స లాంటి ధ్వని ఉంటే ‘ట్’: వాక్ట్, హెల్ప్ట్, మిస్ట్. గ, బ, జ లాంటి ధ్వనో, అచ్చో ఉంటే ‘డ్’: బెగ్డ్, ప్లేడ్. అప్పటికే చివర ‘ట్’ గాని ‘డ్’ గాని ఉంటేనే ‘ఇడ్’: వాంటిడ్, నీడిడ్. పరుషం పక్కన పరుషం, సరళం పక్కన సరళం. గసడదవాదేశం చదువుకున్న మన చెవికి ఈ సర్దుబాటు కొత్తేమీ కాదు.

మళ్ళీ నా ‘డిడ్ నాట్ వెంట్’ దగ్గరికి వస్తాను. ‘డిడ్’ వచ్చిందంటే కాలాన్ని అదే మోస్తుంది, అసలు క్రియ మొదటి రూపానికి వెళ్ళిపోతుంది. ఇది విడ్డూరమైన నియమమని అనుకునేవాణ్ణి. కాని మనమూ అంతే చేస్తాం. ‘వచ్చాను’ అంటాం, కాదనవలసి వస్తే ‘వచ్చాలేదు’ అనం, ‘రాలేదు’ అంటాం. భారమంతా ‘లేదు’ మీద వేసి క్రియను వదిలేస్తాం. ఇది గమనించిన రోజు నుంచి ఆ తప్పు నా నోట మళ్ళీ రాలేదు.

ఒక్కచోట మాత్రం తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మన ‘చూశాను’ ఒక్కటే ఇంగ్లిషులో ‘సా’ కావచ్చు, ‘హ్యావ్ సీన్’ కావచ్చు. ‘నిన్న’, ‘పోయిన వారం’ లాంటి గడిచిపోయిన కాలం పేరు చెబితే ‘సా’ అనే అనాలి.

అసలు ఈ రూపం ఎప్పుడూ గడిచిన కాలాన్నే చెబుతుందా అంటే, లేదు. ‘ఐ వాంటిడ్ టు ఆస్క్ యూ సమ్‌థింగ్’ అన్న మనిషి ఇప్పుడే అడుగుతున్నాడు. మాటను ఒక అడుగు వెనక్కి జరిపి ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గిస్తున్నాడు. మనం ‘ఒక మాట అడుగుదామనుకున్నానండీ’ అనడం లేదూ? ‘మీ పేరేమన్నారు?’ అనడంలోనూ ఆ మర్యాదే ఉంది. ‘ఇఫ్ ఐ న్యూ’ అంటే తెలియదనే అర్థం. అక్కడ దూరం కాలంలో లేదు, నిజానికీ ఊహకీ మధ్య ఉంది.

ఇంకొక్క వాక్యం చెప్పి ఆపుతాను. లేచి బయలుదేరబోయేముందు ఇంగ్లిషువాళ్ళు ‘ఇట్స్ టైమ్ వీ వెంట్’ అంటారు. వెళ్ళడం ఇంకా జరగలేదు, అయినా భూతకాలం దాని మీదే పడింది. మనమూ ఆ మాటలో భూతకాలమే వాడతాం, కాకపోతే వేళ మీద వేస్తాం. బయలుదేరే వేళయింది.