రేంజ్‌ఫైండర్‌కు తక్కువ ఖర్చులో 50 మి.మీ. లెన్స్ ఎంచుకోవడం ఎలా?

[తెరపై: బల్ల మీద ఒక రేంజ్‌ఫైండర్ కెమెరా, పక్కన మూడు పాత 50 మి.మీ. లెన్సులు]

నమస్కారం. కెమెరా బాడీకే చాలా ఖర్చయి, లెన్స్‌కు కొద్ది మొత్తమే మిగిలినవారి కోసం ఈ వీడియో. అలాంటప్పుడు పెద్ద ఎపర్చర్ (లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అది అంత పెద్దది) కోసం డబ్బు వెచ్చించవద్దని, అద్దాలు శుభ్రంగా ఉండి, మీ కెమెరాతో ఫోకస్ కచ్చితంగా కుదిరే ఎఫ్/2 లెన్స్‌ను వెతకమని నా సలహా. ఎందుకో చెబుతాను.

[తెరపై: లెన్స్ వెనుక భాగం, కెమెరా లోపలి చిన్న చక్రం]

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్స్ చూపే దృశ్యాన్నే మనమూ చూస్తాం కనుక ఫోకస్ తప్పితే వెంటనే తెలిసిపోతుంది. రేంజ్‌ఫైండర్‌లో మనం చూసేది లెన్స్ గుండా కాదు, వేరే కిటికీ గుండా. లెన్స్ వెనుక ఉండే క్యామ్ అనే లోహపు అంచు కెమెరాలోని ఈ చక్రాన్ని నెడుతుంటే, వ్యూఫైండర్ మధ్యలో కనిపించే రెండు బింబాలు ఒకటిగా కలుస్తాయి. ఆ కదలికలో ఏ కొంచెం తేడా ఉన్నా, బింబాలు రెండూ చక్కగా కలిసినట్టే కనిపిస్తాయి గానీ ఫోటో మసకబారి వస్తుంది.

పైగా ఎపర్చర్ పెద్దదయ్యేకొద్దీ ఈ తేడాను దాచుకునే చోటు తగ్గిపోతుంది. 35 మి.మీ. ఫిల్మ్‌పై, 1 మీటరు దూరంలో, ఎఫ్/2 వద్ద స్పష్టంగా కనిపించే లోతు దాదాపు నాలుగున్నర సెంటీమీటర్లు, ఎఫ్/1.1 వద్ద అది సుమారు రెండున్నర సెంటీమీటర్లే. దృశ్యాన్ని 0.72 రెట్లుగా చూపే వ్యూఫైండర్ ఉన్న లైకా ఎం కెమెరాలకు రేంజ్‌ఫైండర్ ప్రభావ బేస్ (రేంజ్‌ఫైండర్ రెండు కిటికీల మధ్య దూరాన్ని ఆ రెట్లతో గుణిస్తే వచ్చేది; ఇది ఎంత ఎక్కువైతే ఫోకస్ అంత కచ్చితం) దాదాపు 50 మి.మీ. ఉండగా, బెస్సా ఆర్ కెమెరాకు అది సుమారు 25 మి.మీ. మాత్రమే. అంతటి పొట్టి బేస్‌తో ఎఫ్/1.1 లెన్స్‌ను దగ్గరి ముఖంపై నమ్మకంగా ఫోకస్ చేయడం చాలా కష్టం.

ఇక లెన్సుల విషయానికి వద్దాం. పాత 39 మి.మీ. స్క్రూ మౌంట్ (మరలా తిప్పి బిగించే) లెన్సులను సన్నని అడాప్టర్ సాయంతో, 1954లో ఎం3 కెమెరాతో వచ్చిన లైకా ఎం మౌంట్‌కు కూడా తగిలించవచ్చు. అడాప్టర్ కొనేటప్పుడు అది 50 మి.మీ. ఫ్రేమ్‌లైన్లనే (ఫోటో హద్దులు చూపే గీతలనే) రప్పించేదని నిర్ధారించుకోండి. లేకపోతే వ్యూఫైండర్‌లో వేరే చట్రం కనిపిస్తుంది.

ఈ స్క్రూ మౌంట్ లెన్సులలో నేను ముందుగా చూడమనేది కానన్ 50 మి.మీ. ఎఫ్/1.8. లోహపు నిర్మాణం, పొందికైన ఆకారం, ఎపర్చర్‌ను రెండు స్టాప్‌లు (మెట్లు) తగ్గించగానే మూలల వరకూ వచ్చే స్పష్టత దీని గుణాలు. దీనికి ఒక పెద్ద జబ్బు కూడా ఉంది: ఎపర్చర్ పక్కనున్న అద్దంపై పొగమంచు లాంటి మసక పేరుకుంటుంది. అది కొన్నిసార్లు తుడిస్తే పోతుంది. అద్దాన్నే తినేసి ఉంటే పోదు.

[తెరపై: చీకటి గదిలో లెన్స్ వెనుక నుంచి టార్చి వెలుగు]

ఇలా వెనుక నుంచి టార్చి వేసి, లెన్స్‌ను కాస్త వాల్చి చూడండి. మామూలు వెలుతురులో శుభ్రంగా కనిపించిన అద్దంపై ఇప్పుడు తెల్లని పొర కనిపిస్తే అదే ఆ మసక. సాలెగూడు దారాల్లా పాకి ఉంటే బూజు. ముందు అద్దం మీది ఒకటి రెండు సన్నని గీతలకు మాత్రం భయపడనక్కరలేదు, ఫోటోలో అవి చాలావరకు తెలియవు. అమ్మేవారిని టార్చి వెలుగులో తీసిన ఫోటో అడగడానికి మొహమాటపడకండి.

సోవియట్ జూపిటర్-8 ఇంకా చవక. 1930లలో లుడ్విగ్ బెర్టెలే రూపొందించిన జర్మన్ కంపెనీ త్సైస్ వారి సోనార్ లెన్స్ నుంచి వచ్చిన ఈ లెన్స్ ముఖాల ఫోటోలకు ఎంతో అందంగా ఉంటుంది. అయితే దాని ఫోకస్ కదలిక ప్రమాణం లైకా ప్రమాణంతో పూర్తిగా సరిపోదు. దూరాన సరిగ్గా ఉన్నా, దగ్గరగా, పూర్తి ఎపర్చర్‌లో ఫోకస్ తప్పవచ్చు. ఎఫ్/5.6 దగ్గర, వీధిలో నాలుగైదు మీటర్ల దూరంలో తీసేవారికి ఈ లోపం అంతగా అడ్డురాదు. కొత్త లెన్సే కావాలనుకుంటే ఫోక్ట్‌లెండర్ కలర్-స్కోపార్ 50 మి.మీ. ఎఫ్/2.2 చిన్నది, నమ్మదగినది.

[తెరపై: 45 డిగ్రీల కోణంలో వాల్చిన స్కేలు, ట్రైపాడ్‌పై కెమెరా]

లెన్స్ చేతికి రాగానే, తిరిగి ఇచ్చే గడువు ఉండగానే ఈ పరీక్ష చేయండి. స్కేలును ఇలా వాల్చి, 1 మీటరు దూరం నుంచి మధ్య గీతపై ఫోకస్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫోటో తీయండి. అత్యంత స్పష్టమైన గీత మధ్యదే కావాలి. అది ముందుకో వెనక్కో జరిగి ఉంటే, నమ్మకమైన మరో లెన్స్‌తో అదే పరీక్ష మళ్లీ చేయండి. రెండూ ఒకే తీరున తప్పితే సర్దించుకోవలసింది కెమెరా రేంజ్‌ఫైండర్‌ను. కొత్తగా కొన్నది ఒక్కటే తప్పితే ఆ లెన్స్‌ను తిరిగి పంపించేయండి.